జర్మను తుపాకి నేర్పు పాఠము

(ఏర్పేటి విద్యార్థుల సభలో గావించిన ప్రసంగము)

మేము న్యాయవాదులము, తుపాకి మా పనిముట్టు కాదు. అయినను 1878 నాటి చట్టముచే ఆయుధమునకు దూరమైన జాతివారము గావున దీనినిగూర్చి యోచింపక తప్పదు.

1945లో జర్మనీ యోడినపుడు మౌజరు కర్మశాలలోని యొక క్రొత్త తుపాకి నమూనాదశయందే నిలిచిపోయెను. దాని మర్మమెఱిఁగిన లుడ్విగ్ ఫోర్‌గ్రిమ్లరు పరాసుదేశమునకును, పిదప స్పెయినునకును బోయి యా పనిని సాగించెను. పశ్చిమ జర్మనీ సైన్యము 1959లో దానినే ‘జి-3’ యను పేర స్వీకరించెను. గొట్టములోని యొత్తిడి తగ్గువఱకు బోల్టును రెండు చిన్న రోలర్లు జాగుచేయుటయే యందలి కిటుకు. ఆ కిటుకునుండియే మడమ లోనికి జరుగు జి-3ఏ4, దూరపు గుఱికి పీ.ఎస్.జి.-1, మరతుపాకి హెచ్.కె.-21 పుట్టినవి. పాకిస్తాను, ఇరాను, తుర్కీలు అనుజ్ఞ పొంది జి-3ని తమ దేశములందే చేసికొనినవి.

ఓటమి కర్మశాలను మూయఁగలిగెను గాని పనివాని విద్యను మూయఁజాలకపోయెను. కొన్న తుపాకికి తూటా యైనను, మరమ్మతైనను అమ్మినవాని దయయే.

ఆ 1959లోనే మనము పాత చట్టమును త్రోసి స్వకీయమైన ఆయుధ చట్టమును వ్రాసికొంటిమి. చట్టము వ్రాసికొనుట సగము పని. సాధనమును చేయనేర్చుట తక్కిన సగము. నేఁడు మన యేర్పేట ఐ.ఐ.టి. గలదు. లోహమును, యంత్రమును చదువు యువతీయువకులారా! ఆ సగము మీది.