కదలని ఫైలు



మూడేళ్ల క్రితం పెన్షను పనిమీద వెళ్తే, నా సంతకం పాతదానితో సరిపోలడం లేదని ఫారం వెనక్కి ఇచ్చారు. ముప్పై ఏళ్లకు పైగా నోట్ ఫైళ్లు రాసిన చేతివ్రాత చీమల బారులా సన్నబడిపోయింది. నడక కూడా మందగించింది. ఇంట్లోవాళ్లు "రిటైరయ్యాక బద్ధకం ఎక్కువైంది" అన్నారు. వయసు ప్రభావమేలే అని నేనూ ఊరుకున్నాను. చివరకు నరాల డాక్టరుగారు పార్కిన్సన్ వ్యాధి అని తేల్చారు. వారు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ మన ఆఫీసు భాషలో మనవి చేస్తాను.

మధ్య మెదడులో నల్లగా కనిపించే చిన్న కణాల గుంపు ఒకటుంది. అవి డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, సన్నని నరాల పోగుల ద్వారా స్ట్రయేటమ్ అనే లోపలి భాగానికి అందిస్తాయి. అక్కడ రెండు సెక్షన్లున్నాయనుకోండి. ఒకటి "కదలవచ్చు" అని ఆమోదం రాస్తుంది. రెండవది "ఆగు" అని అభ్యంతరం రాస్తుంది. రెండూ అవసరమే. డోపమిన్ మొదటి సెక్షన్‌ను ప్రోత్సహిస్తుంది, రెండవదాని జోరు తగ్గిస్తుంది. అప్పుడే కాలూ చెయ్యీ సాఫీగా కదులుతాయి. ఆ కణాలు నశించి డోపమిన్ తగ్గితే అభ్యంతరాలదే పైచేయి. ఫైలు కదలదు. లేవాలని మనసున్నా కాలు లేవదు. అది బద్ధకం కాదు.

ఈ రహస్యం తెలియడంలో మన సర్పగంధ మొక్కకూ పాత్ర ఉంది. దాని నుంచి తీసిన రిసర్పిన్ మందు ఇస్తే కుందేళ్లు కదలక మెదలక ఉండిపోయాయి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి ఎల్-డోపా ఇవ్వగా మళ్లీ తిరిగాయి. వారికి 2000లో నోబెల్ బహుమతి లభించింది. డోపమిన్ రక్తం నుంచి నేరుగా మెదడులోకి పోలేదు. ఎల్-డోపా పోయి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది. మా బోటివారు వేసుకునే లెవోడోపా మాత్ర అదే.

కనుక మూడు మనవులు. మాత్ర వేళ తప్పవద్దు. పాలు, పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులతో కలిపి వేసుకుంటే కొందరికి మందు సరిగా అందదు. వేళల సంగతి డాక్టరుగారిని అడగండి. బాగుంది కదా అని హఠాత్తుగా మానవద్దు, ప్రాణం మీదికి రావచ్చు.

ఇక కుటుంబ సభ్యులకు ఒక్క మాట. పెద్దవారి అక్షరం చిన్నదైనా, నడకలో ఒక చెయ్యి ఊగకపోయినా విసుక్కోకండి. డాక్టరుకు చూపించండి.

నేను బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చాను. చిన్నదే, కానీ నాదే.