చూడకుండా సంతకం పెట్టొద్దు
(శుక్రవారం క్యాంపు మీటింగులో చెప్పిన మాటలు)

డ్యూటీ ఉండి మీటింగుకు రాలేకపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం నేను మాట్లాడింది రాసి గ్రూపులో పెట్టమన్నారు, అందుకే రాస్తున్నా. నేను పదో తరగతి చదివినవాణ్ణి, ఇంజనీరును కాదు. ప్రీకాస్ట్ యార్డులో సూపర్‌వైజర్‌ను. గోడలు, స్లాబులు, మెట్లు ఫ్యాక్టరీలోనే పోసి, ట్రైలర్ మీద సైటుకు పంపి, క్రేన్‌తో బిగిస్తారు కదా, ఆ పని మాది.

మన యార్డుల్లో క్లిప్‌బోర్డు పట్టుకుని తిరిగే మనిషి వస్తే మనోళ్లు ఏమంటారు? "క్యూసీ వచ్చిండు, ఇక పని ఆగినట్టే" అంటారు. ముందు ఆ మాట మనసులోంచి తీసేయాలి. క్యూఏ అంటే తప్పు జరగకుండా ముందే పద్ధతి పెట్టుకోవడం: డ్రాయింగ్, పని చేసే విధానం, ట్రైనింగ్, రికార్డు. క్యూసీ అంటే చేసిన పని ఆ పద్ధతి ప్రకారం ఉందా అని కొలిచి చూడడం. రెండూ ఇంజనీర్ల పనే అనుకుంటే పొరపాటు. ఎందుకో ఒక లెక్క చెప్తా.

6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న గోడ తీసుకోండి. అది 3.6 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు. అంటే ఆ ఒక్క గోడ 8600 కిలోల పైనే. అది గాలిలోకి లేచినప్పుడు పక్కన ఉండేది ఎవరు? మన రిగ్గర్, మన హెల్పర్. క్వాలిటీ అంటే బిల్డింగు ఓనర్ కోసం అనుకుంటాం గానీ, దాంతో ముందు బతికేది మనమే.

మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

ఒకటి, పోయకముందు. మౌల్డు కొలత, స్టీలు, కవర్ బ్లాకులు, లిఫ్టింగ్ యాంకర్లు. పోసేశాక ఇవేవీ కంటికి కనపడవు. అందుకే ఇక్కడ క్యూసీ సంతకం అయ్యేదాకా పోయొద్దని పెడతారు, దాన్నే హోల్డ్ పాయింట్ అంటారు. గల్ఫులో గాలిలో, నేలలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు కాంక్రీటులోంచి మెల్లగా లోపలికి పోయి స్టీలుకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. డ్రాయింగులో 40 మిల్లీమీటర్ల కవర్ అని ఉంటే, బ్లాకు జారి 20 అయిందంటే కాపలా సగం పోయినట్టే. వైబ్రేటర్ తగిలి బ్లాకు జారడం ముందుగా చూసేది స్టీల్ ఫిక్సరే. యాంకర్ దగ్గర డ్రాయింగులో ఉన్న అదనపు కడ్డీ పెట్టారా లేదా అన్నది కూడా అంతే. అది లేకపోతే లేపేటప్పుడు యాంకర్ ఊడి రావచ్చు.

రెండు, పోసేటప్పుడు. మాలు గట్టిగా ఉందని నీళ్లు కొట్టడం మనోళ్లకు అలవాటు. ఘనపు మీటరుకు 400 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీళ్లు ఉన్న మాలులో నిష్పత్తి 0.40. మీరు 20 లీటర్లు కలిపితే 0.45 అయింది. పోయడం సులువైంది నిజమే, కానీ బలం తగ్గింది, ఉప్పు పోయే దారి పెరిగింది. గట్టిగా ఉంటే ల్యాబ్ మనిషిని పిలవండి, మందు ఎంత వేయాలో అతను చెప్తాడు. స్లంప్ చూసే కోన్ 300 మిల్లీమీటర్ల ఎత్తు, మూడు వరసలుగా నింపి వరసకు 25 పోట్లు. ఇందులో దాచిన విద్య ఏమీ లేదు, రెండు రోజులు పక్కన నిలబడి చూస్తే వస్తుంది.

క్యూబుల సంగతి కూడా తెలుసుకోండి. 150 మిల్లీమీటర్ల క్యూబు, 40 గ్రేడు కాంక్రీటు అయితే 28 రోజులకు సుమారు 90 టన్నుల బరువు మోయాలి. ట్యాంకు నీళ్లలో ఉంచిన క్యూబు మాలు ఎలాంటిదో చెప్తుంది. ఈ రోజు లేపొచ్చా లేదా అన్నది చెప్పేది మాత్రం గోడ పక్కనే, గోడతో పాటే ఉంచిన క్యూబు. రెండూ ఒకటే అనుకోవద్దు.

మూడు, లేపేటప్పుడు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక యార్డులో జరిగింది చెప్తా. సాయంత్రం ట్రైలర్ వచ్చి నిలబడింది. లేపడానికి డ్రాయింగులో 15 బలం అడిగారు, క్యూబు 11 దగ్గరే పగిలింది. "15 అని రాయి, ఏం గాదు" అని పైనుంచి ఒత్తిడి. ల్యాబులో ఉన్నది మన జగిత్యాల తమ్ముడు. అతను గొడవ పెట్టుకోలేదు. "సార్, మిషన్ 11 చూపింది, నేను 11 రాస్తా. లేపమని మీరు రాసి సంతకం పెట్టండి" అన్నాడు. ఎవరూ పెట్టలేదు. ట్రైలర్ ఖాళీగా పోయింది, తిట్లు పడ్డాయి. తెల్లారి ఇంకో క్యూబు పగలగొడితే 16 వచ్చింది, గోడ లేపారు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఈ పనిలో గెలుపు.

ఇప్పుడు అసలు మాట. ఖాళీ చెక్‌లిస్టు తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టు" అనేవాళ్లు ఉంటారు. ఏదైనా జరిగితే బయటికి వచ్చేది ఆ కాగితమే, దాని మీద ఉన్నది మీ పేరే. కాబట్టి చూడనిదానికి సంతకం వద్దు. "ఇప్పుడే చూసి పెడతా సార్" అని మర్యాదగా చెప్పండి. తేదీ, టైము, కొలిచిన నంబరు మీ చేత్తో రాయండి. ఖాళీ గడులుంటే గీత కొట్టండి. యార్డు ఫోటోలు మాత్రం కంపెనీ అనుమతి లేకుండా బయట గ్రూపుల్లో పెట్టొద్దు, అది వేరే కేసు అవుతుంది.

పైకి రావాలనుకునే తమ్ముళ్లకు ఒక మాట. హెల్పర్ నుంచి ల్యాబ్ టెక్నీషియన్, అక్కడి నుంచి క్యూసీ ఇన్‌స్పెక్టర్ అయినవాళ్లను నేను చూశా. డ్రాయింగ్ చదవడం, టేపు సరిగ్గా పట్టడం, నంబరు ఉన్నది ఉన్నట్టు రాయడం, ఈ మూడూ వస్తే సగం దారి నడిచినట్టే. పరీక్ష లేకుండా, డబ్బు తీసుకుని క్యూసీ సర్టిఫికెట్ ఇస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు. దొంగ సర్టిఫికెట్ పట్టుబడితే ఉద్యోగంతో ఆగదు, జైలు దాకా పోతుంది. ఊర్లో అప్పు అలాగే ఉంటుంది.

వచ్చే శుక్రవారం డ్రాయింగ్‌లో కవర్, యాంకర్ గుర్తులు ఎలా చదవాలో చూపిస్తా. టేపు, ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. రాలేనివాళ్లు ప్రశ్నలు వాయిస్ మెసేజ్ పెట్టండి, జవాబు చెప్తా. అందరూ జాగ్రత్తగా ఉండండి.