ముందు బండి ఉన్నట్టుండి ఆగితే
(షిఫ్టు మారే వేళ జరిగిన సమావేశంలో యూనియన్ కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి తేలుతుందని మీలో చాలామంది వచ్చారు. అది వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం. ఈ పూట మిల్లు గేటు దాకా మనల్ని తెచ్చే రోడ్డు గురించి చెప్పాలనుకున్నాం.

మన రింగు ఫ్రేము ఖాతాలో పనిచేసే అన్న ఒకరు రెండో షిఫ్టుకు మోపెడ్ మీద వస్తున్నారు. ముందు పోతున్న టెంపో ఎవరో చెయ్యెత్తితే ఆగింది. ఈయన వెనుక నుంచి వెళ్ళి గుద్దుకున్నారు. మోకాలి చిప్ప పగిలింది. ఆ క్షణంలో ఆయన కళ్ళు రోడ్డు మీద లేవు, మోగుతున్న ఫోను మీద ఉన్నాయి. ఫోను చేసింది ఇంటివాళ్ళు కాదు. "ఎక్కడున్నావు, సైడు ఖాళీగా ఉంది" అని అడగడానికి మేస్త్రీ చేశాడు. ఈ మాట మళ్ళీ చివర్లో ఎత్తుతాం, గుర్తు పెట్టుకోండి.

తప్పు టెంపోవాడిదా, మనవాడిదా అని క్యాంటీన్లో రెండు రోజులు వాదన నడిచింది. ముందు ఇంకో సంగతి చూద్దాం. కార్డింగు మిషను స్విచ్ ఆపగానే సిలిండరు నిలుస్తుందా? నిలవదు. కరెంటు పోయినా నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందుకే అది పూర్తిగా ఆగేదాకా మూత తెరవరాదని కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి రోజే చెబుతాం. మిషను బరువును అంత బాగా ఎరిగిన మనమే రోడ్డెక్కగానే, బ్రేకు తొక్కితే బండి అక్కడే నిలుస్తుందని అనుకుంటాం.

గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ముందు బండి ఎర్రదీపం కంటబడి, చెయ్యి బ్రేకు మీదకు పోయేసరికే ఒక సెకను అయిపోతుంది. అంటే బ్రేకు పడకముందే 14 మీటర్లు పోయాం. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి బ్రేకుతో బండి నిలవడానికి ఇంకో 15 మీటర్లయినా కావాలి. మొత్తం సుమారు 30 మీటర్లు. వాన పడితే ఇంకా ఎక్కువ. రాత్రంతా ఫ్రేముల మధ్య నడిచి తెల్లవారి ఇంటికి పోయేవాడికి ఆ ఒక్క సెకను కూడా చాలదు. ఫోను వంక రెండు సెకన్లు చూశామంటే 28 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే లెక్క.

ఇక తప్పు ఎవరిదన్న మాట. ఇది మన కోయంబత్తూరులోనే 2017 జనవరిలో జరిగింది. భార్యకు వాంతి వస్తోందని ఒకాయన కారును హైవే మీద ఉన్నట్టుండి ఆపాడు. వెనుక మోటారు సైకిలు మీద వస్తున్న ఇంజనీరింగు విద్యార్థి కారును గుద్ది కింద పడ్డాడు. ఆ వెనుక వచ్చిన బస్సు అతని మీదుగా పోయింది. ఎడమ కాలు తీసేయవలసి వచ్చింది. ఆ కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సైగ చేయకుండా హైవే మీద ఆపడం నిర్లక్ష్యమేనని కారువాడి మీద 50 శాతం, బస్సువాడి మీద 30 శాతం తప్పు మోపింది. ముందు బండికి తగినంత దూరం ఉంచలేదని విద్యార్థి మీద కూడా 20 శాతం వేసింది. కాలు పోయినవాడికి కూడా! పరిహారం 1 కోటి 14 లక్షలని లెక్కకట్టి, ఆ 20 శాతం కోసి 91 లక్షల 20 వేలు ఇమ్మన్నారు. చాలని దూరం ఖరీదు దాదాపు 23 లక్షలయింది. కాలి ఖరీదు ఏ కోర్టు కట్టగలదు?

కాబట్టి క్యాంటీన్ వాదనలో రెండు పక్షాలూ సగం సగం గెలిచాయి. తగినంత దూరం ఉంచాలనీ, అవసరం లేకుండా హఠాత్తుగా బ్రేకు వేయరాదనీ రెండూ నిబంధనల్లోనే ఉన్నాయి.

దూరం ఎంతో మీటర్లలో కొలవడం రోడ్డు మీద కుదరదు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని లెక్కపెట్టండి. ఆ మాట పూర్తికాకముందే మీరు స్తంభం చేరితే దగ్గరైపోయారన్నమాట. వానలోనూ, రాత్రిపూటా, వెనుక మనిషి ఉన్నప్పుడూ నాలుగు దాకా లెక్కపెట్టండి. "ఆ సందులో ఇంకొకడు దూరతాడు కదా" అంటారు. దూరనివ్వండి, మళ్ళీ కాస్త వెనక్కి తగ్గండి.

మనమే ఆగవలసి వస్తే ముందు అద్దంలో చూసి, సైగ చేసి, ఎడమకు తీసి, తారు దిగాక ఆపాలి. వెనుక లారీ అంటుకుని వస్తుంటే వాడితో పంతం వద్దు. మీ ముందు ఖాళీ పెంచుకుని, మెల్లగా తగ్గి, దాటిపోనివ్వండి. బ్రేకు దీపం వెలుగుతోందో లేదో షెడ్డులో పక్కవాణ్ణి చూడమనండి. సగం మోపెడ్లకు అది వెలగడం లేదని మొన్న స్టాండులో మేమే చూశాం, అందులో కార్యవర్గ సభ్యుల బండ్లు కూడా ఉన్నాయి. సైకిలు అన్నలు వెనుక మడ్గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు బిగించుకోండి.

పనికి వస్తూనో, పోతూనో దెబ్బ తగిలితే దాన్ని పని ప్రమాదంగానే లెక్కించాలని ఇ.ఎస్.ఐ. చట్టంలో 2010లో 51-ఇ సెక్షను చేర్చారు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. కానీ వేళకూ, చోటుకూ, ఉద్యోగానికీ సంబంధం రుజువు కావాలి. దెబ్బ చిన్నదని సొంత డబ్బుతో కట్టు కట్టించుకుని ఊరుకోకండి. పోలీసు ఫిర్యాదు నకలు, ఆసుపత్రి చీటీ, షిఫ్టు వివరం అదే వారంలో యూనియన్ ఆఫీసుకు తెండి.

ఇప్పుడు మేస్త్రీ ఫోను మాట. అయిదు నిమిషాలు ఆలస్యమైతే అరపూట కూలి కోస్తున్నారు. ఆ భయమే మనల్ని టెంపో వెనుక అంటుకుని పోయేట్టు చేస్తోంది. సోమవారం యాజమాన్యంతో కూర్చున్నప్పుడు మూడు అడుగుతున్నాం. షిఫ్టుకు ముందు గంట సేపు కార్మికులకు సూపర్వైజర్లు ఫోను చేయరాదు. పది నిమిషాల ఆలస్యానికి కోత ఉండరాదు. మిల్లు వ్యాను మెయిన్ రోడ్డు మీద కాక గేటు లోపలికి వచ్చి మనుషులను దింపాలి. ఖాతాకు ఇద్దరు చొప్పున సోమవారం ఉదయం పది గంటలకు ఆఫీసు దగ్గరికి రండి. మోకాలు విరిగిన అన్న కూడా వస్తానన్నారు, ఆయన్ను తీసుకురావడానికి ఆటో మాట్లాడాం.