నాయకత్వ మెవరి సొత్తు?

1932 జూన్ 25న లార్డ్సు మైదానమున భారత జట్టు తన ప్రథమ టెస్టు నారంభించెను. యాత్రానాయకుడగు పోరుబందరు మహారాజు తన యాట కొలది తా నెఱిగి తొలగెను. నాగపురమున బుట్టిన తెలుగుబిడ్డ కనకయ్య నాయుడు జట్టును నడిపెను. చేయి గాయపడియు తొలి యిన్నింగ్సున 40 పరుగులు తీసి మనవారిలో మిన్న యయ్యెను. ఓడితిమి, అది యటుండనిండు. రాజవంశీయులే నడుపవలెనను వాడుక నాడు తెగెను.

తెగి నిలిచెనా? 1936లో విజయనగర మహారాజకుమారుడు నాయకుడయ్యెను. మనవాడే, చెప్పుటకు సిగ్గగుచున్నది! మూడు టెస్టులలో ఆయన పరుగులు 33. వకీలునుగాన అడుగుచున్నాను: వంశవృక్షము పరుగులు తీయునా? 1926లో బొంబాయిలో 11 సిక్సరులతో 153 పరుగులు కొట్టిన నాయుడు ఆయన క్రింద నాడవలసివచ్చెను. ఆడెను, ఓవలున 81 చేసెను. 1946లో హోల్కారు నాయకుడై, ఏబదియేండ్లు దాటిన పిమ్మట, రంజీ తుదిపోటీలో 200 పరుగులు తీసి గెలిపించెను.