కొండ మీద నాలుగు రోజులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో పూర్తి పాఠం ఇస్తున్నాము.)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించీ, లైఫ్ సర్టిఫికెట్ గురించీ, మందుల బిల్లుల గురించీ మనకు పనికివచ్చే సంగతులు చెప్పారు. వాటి తరువాత కొండ మీద బస గురించి మాట్లాడమన్నారు. భోజనం అయ్యాక తాంబూలం వంటిది అనుకోండి. అయితే ఇందులోనూ ఒక అవసరమైన మాట ఉంది. అది చెప్పడానికే నిలబడ్డాను.

సర్వీసులో ఉన్న రోజుల్లో మనం ఎల్.టి.సి. మీద దేశం తిరిగాం. పది రోజుల్లో పదిహేను ఊళ్ళు చూశాం. రాత్రి రైలు, పగలు గుడి, మధ్యాహ్నం హోటలు, సాయంత్రం మళ్ళీ రైలు. ఊళ్ళు చూశాం గాని ఏ ఊళ్ళోనూ ఉండలేదు. ఇప్పుడు మనకు సెలవు ఇచ్చే అధికారి లేడు, సెలవు లేదనే అధికారీ లేడు. అందుచేత నేను చెప్పేది ఇదే: ఒక మంచి కొండ ప్రాంతం ఎంచుకొని, ఒకేచోట నాలుగు రోజులు ఉండి రండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి. వాయిదా వేయకండి.

మేము వెళ్ళింది కేరళలోని ఇడుక్కి జిల్లా, మున్నారుకు. మా దంపతులం, మాతోపాటు రిటైరైన ఒక మిత్రుడూ, వారి సతీమణీ. మొత్తం నలుగురం. మున్నారు అన్న పేరులో మనకు తెలిసిన మాటలే ఉన్నాయి. మూడు, ఏరు. ముదిరప్పుళ, నల్లతన్ని, కుండళ అనే మూడు ఏళ్ళు కలిసే చోటు అది. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. దానిని ఆనుకొనే ఎరవికుళం జాతీయ పార్కు ఉంది. మా బస ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఏలకుల తోటకూ తేయాకు తోటకూ మధ్య, ఒక స్థానిక కుటుంబం నడుపుతున్న చిన్న రిసార్టు. అయిదే గదులు.

ముందు ప్రయాణం సంగతి. సికింద్రాబాదు నుంచి గుంటూరు మీదుగా తిరువనంతపురం వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ ఆలువాలో ఆగుతుంది. అక్కడి నుంచి మున్నారుకు రోడ్డు మీద సుమారు 110 కిలోమీటర్లు. రైల్వేలో వృద్ధులకిచ్చే రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిన సంగతి మీకు తెలిసిందే. దానికోసం మన సంఘాలు ఎన్ని వినతిపత్రాలు పెట్టాయో కూడా తెలుసు. అయినా కింది బెర్తు కోటా మాత్రం ఉంది. టిక్కెట్టు తీసుకునేటప్పుడు దానిని అడగడం మరువకండి. ఆలువా నుంచి బయలుదేరాక సగం దారి తరువాత మలుపులు మొదలవుతాయి. తెల్లవారుజామున బయలుదేరవద్దు, సాయంత్రం దాటాక ఘాటు రోడ్డు ఎక్కవద్దు. వాంతి అయ్యే శరీరతత్వం ఉన్నవారు తేలికగా తిని, ముందు సీటులో కూర్చోవడం మంచిది. దారిలో చీయప్పార జలపాతం దగ్గర బండి ఆపి, కాళ్ళు సాచుకొని, టీ తాగి కదిలితే సగం అలసట పోతుంది.

ఇక బస. ప్రకటనల్లో కిటికీలోంచి కనిపించే కొండను చూపిస్తారు. గదికి ఎన్ని మెట్లు ఎక్కాలో చూపించరు. కొండ మీద కట్టిన బసల్లో గది ఒకచోట, భోజనశాల ఇంకొకచోట, మధ్యలో నలభై మెట్లు ఉండటం మామూలే. అందుకని డబ్బు పంపే ముందే ఫోనులో అయిదు ప్రశ్నలు అడగండి. బండి ఆగే చోటు నుంచి గదికి ఎన్ని మెట్లు? స్నానాల గదిలో కుర్చీ కమోడు, పట్టుకోవడానికి ఆసరా ఉన్నాయా? వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి? కరెంటు పోతే జనరేటరు ఉందా? రాత్రివేళ అవసరమైతే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, బండి ఎవరు ఇస్తారు? ఈ అయిదింటికి విసుక్కోకుండా జవాబు చెప్పినవారి దగ్గరే దిగండి. మున్నారు పట్టణంలో తేయాకు కంపెనీవారి ఆసుపత్రి ఉంది. అయితే రాత్రివేళ పొగమంచులో పన్నెండు కిలోమీటర్లు కూడా దూరమే.

ఆ ఎత్తులో ఊపిరి అందకపోవడం వంటి భయం సాధారణంగా ఉండదు. చలి సంగతి మాత్రం చూసుకోవాలి. జనవరిలో కొన్ని తోటల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. చలికి రక్తపోటు పెరుగుతుంది, కీళ్ళు బిగుసుకుంటాయి. గుండె, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడిగే బయలుదేరండి. మందులు రెండు సంచుల్లో సగం సగం పెట్టుకోండి. ఒక సంచి తప్పిపోయినా రెండోది ఉంటుంది.

మొదటి రోజు ఉదయం టాక్సీ డ్రైవరు వచ్చి జాబితా చదివాడు. మాట్టుపెట్టి డ్యాము, ఎకో పాయింటు, కుండళ సరస్సు, టాప్ స్టేషను. అన్నీ ఒక్కరోజులో చూపిస్తానన్నాడు. మేము వద్దన్నాం. అతను ఆశ్చర్యపోయాడు. "మరి ఏం చేస్తారు సార్?" అన్నాడు. ఏమీ చెయ్యం అన్నాం.

ఏమీ చెయ్యకపోవడంలో ఎంత పని ఉందో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. పొద్దున్నే లోయ నిండా తెల్లగా పొగమంచు. ఎండ వచ్చేసరికి అది కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. ముందు చెట్ల తలలు, తరువాత తోట వరుసలు, చివరికి కింద దారి కనబడతాయి. ఇది చూడటానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర కుర్చీలో కూర్చోగలవారు ఎవరు? కుర్రవాళ్ళు కూర్చోలేరు. ఇది మన వయస్సుకు తగిన పని.

ఫలహారానికి పుట్టు, శనగల కూర. మధ్యాహ్నం లావు ఎర్ర బియ్యం అన్నం. మా మిత్రుడికి అది పడక, తెల్ల అన్నం వండించుకున్నాడు. మేము తీసుకువెళ్ళిన గోంగూర పచ్చడి వంటింటివారికి రుచి చూపిస్తే, రెండో రోజుకు సీసా సగమైంది!

మూడో రోజు మధ్యాహ్నం మా ఆవిడ వరండాలో కూర్చొని, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నది: "మూడు రోజులైందండీ, ఇవాళ ఏం కూర అని నన్నెవరూ అడగలేదు."

మిత్రులారా, ఈ మాట మీకు చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ప్రభుత్వం మనకు యాభై ఎనిమిదికో అరవైకో విశ్రాంతి ఇచ్చింది. సన్మానం చేశారు, శాలువా కప్పారు, గ్రాట్యుటీ ఇచ్చారు. మన ఇంట్లో వారికి ఎవరు ఇచ్చారు? మనం రిటైరయ్యాక వారికి పని పెరిగింది. ఉదయం పదింటికి క్యారియరు ఇచ్చి పంపితే సాయంత్రం దాకా ఊపిరి పీల్చుకునేవారు. ఇప్పుడు పదకొండింటికి రెండో కాఫీ కూడా కలపాలి. తీర్థయాత్రలకు తీసుకువెళ్ళాం కదా అంటారు. అక్కడా మడి, వంట, మూటలు వారివే. కొండ మీద నాలుగు రోజుల బస అంటే నాలుగు రోజులు వారికి వచ్చిన సెలవు. అడిగేవారు లేకపోతే మన దగ్గర సెలవు చీటీ పెట్టరు. మనమే మంజూరు చేయాలి.

నాలుగో రోజు మాత్రం ఎరవికుళం పార్కుకు వెళ్ళాం. 97 చదరపు కిలోమీటర్ల పచ్చిక కొండలు, మధ్య మధ్య లోయల్లో గుబురు అడవులు. హిమాలయాలకు దక్షిణంగా మన దేశంలో అన్నిటికంటె ఎత్తైన ఆనముడి శిఖరం, 2,695 మీటర్లు, ఇక్కడే ఉంది. ఒకప్పుడు తోటల దొరలు వేటకోసం అట్టేపెట్టుకున్న కొండలివి. 1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి భూములు తీసుకుంది. 1975లో అభయారణ్యంగా, 1978లో జాతీయ పార్కుగా ప్రకటించింది. సొంత బండ్లు కిందనే ఆపి, అటవీ శాఖ బస్సులో పైకి తీసుకువెళ్తారు. అక్కడి నుంచి మంచి రోడ్డు మీద కొంత దూరం నడక. ఓపిక ఉన్నంత వరకు నడిచి, లేనిచోట గట్టు మీద కూర్చోవచ్చు.

అక్కడ చూడవలసినది నీలగిరి తార్ అనే కొండమేక. తమిళులు వరైయాడు అంటారు. వారి రాష్ట్ర జంతువు అదే. 2025లో కేరళ, తమిళనాడు అటవీ శాఖలు కలిసి లెక్కిస్తే రెండు రాష్ట్రాల్లోనూ కలిపి 2,668 తేలాయి. మరెక్కడా ఇవి లేవు. ఎరవికుళంలో మనుషులకు బెదరవు, రోడ్డు పక్కనే మేస్తుంటాయి. ముసలి పోతులకు వీపు మీద జీను వేసినట్టు నెరిసిన మచ్చ ఉంటుంది. "వీటికీ తల నెరిసింది, మనవాళ్ళే" అన్నాడు మా మిత్రుడు. అవి ఈనే కాలంలో, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పార్కు మూసేస్తారు. అది చూసుకొనే ప్రయాణం పెట్టుకోండి.

ఈ కొండల మీద నీలకురింజి అనే పొద పన్నెండేళ్ళకు ఒకసారి పూస్తుంది. అప్పుడు కొండంతా నీలం పరచినట్టు ఉంటుంది. మనకు పుష్కరం ఎంతో అక్కడ కురింజి అంత. ఆ కొండల్లోని పళియర్ అనే గిరిజనులు తమ వయస్సును కురింజి పూతలతో లెక్కపెట్టుకునేవారని చెబుతారు. 2006లో పూసింది, 2018లో పూసింది. షష్టిపూర్తి అయినవారు ఆ లెక్కన అయిదు పూతలు దాటారు. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తడంతో, పువ్వు చూద్దామని గదులు తీసుకున్న ఎంతోమంది వెళ్ళలేకపోయారు. మళ్ళీ పూత 2030లో. వాయిదా వేయవద్దని నేను ఎందుకు అంటున్నానో దీనితో అర్థమై ఉంటుంది.

అంత మాత్రాన ఆ కొండను మనకోసం అలంకరించి పెట్టిన బొమ్మల కొలువు అనుకోరాదు. చీకటి పడ్డాక గేటు దాటవద్దని మా బసవారు గట్టిగా చెప్పారు. ఏనుగులు తిరుగుతాయి. మున్నారు దగ్గరి చిన్నకనాల్‌లో అరికొంబన్ అనే ఏనుగు ఉండేది. అరి అంటే బియ్యం. రేషను దుకాణాలు పగులగొట్టి బియ్యం తినేది గనుక ఆ పేరు. మనుషుల ప్రాణాలు పోయాక, 2023 ఏప్రిల్‌లో దానిని పట్టి పెరియార్ అడవికి తరలించారు. అక్కడి నుంచి అది తమిళనాడులోకి దిగితే, జూన్‌లో మళ్ళీ పట్టి ఇంకా దక్షిణాన వదిలారు. తప్పు ఏనుగుదా, దాని దారిలో ఇళ్ళూ తోటలూ వేసినవారిదా అని అక్కడివారే రెండు పక్షాలుగా వాదించుకున్నారు.

తేయాకు తోటలు మన కళ్ళకు పచ్చని తివాచీలు. అందులో పనిచేసేవారు ఎక్కువమంది తరతరాల కింద తమిళ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలవారు. యూనియన్లలో పనిచేసిన మీకు ఈ సంగతి నచ్చుతుంది. 2015 సెప్టెంబరులో అక్కడి ఆడకూలీలు బోనసు తగ్గించారని, నాయకులెవరినీ దగ్గరకు రానీయకుండా, తామే రోడ్డు మీద కూర్చున్నారు. పెంబిళై ఒరుమై, అంటే ఆడవాళ్ళ ఐక్యత, అని పేరు పెట్టుకున్నారు. ఇరవై శాతం సాధించుకొనే లేచారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2020 ఆగస్టు 6 రాత్రి, ఎరవికుళం పక్కనే పెట్టిముడి అనే చోట, కుండపోత వానకు కొండ విరిగి కూలీల లైన్ల మీద పడింది. నిద్రలో ఉన్న 70 మంది పోయారు. నలుగురి శరీరాలు దొరకనే లేదు. మనం టీ తాగి అందాన్ని మెచ్చుకునే వాలు మీదనే వారి ఇళ్ళు. కనుక జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ కొండల మీదికి వెళ్ళవద్దు. ఇది మన క్షేమం కోసం మాత్రమే కాదు. అటువంటి వేళ అక్కడి బండ్లు, ఆసుపత్రి, మనుషులు అక్కడివారికే చాలవు. అక్టోబరు, నవంబరుల్లోనూ వానలుంటాయి. డిసెంబరు, జనవరి చలికి తట్టుకోగలవారికి బాగుంటాయి. తక్కినవారికి, పార్కు తెరిచిన తరువాత, ఏప్రిల్ మొదటి వారాలు మేలు. శని, ఆదివారాలు, పండుగలు తప్పించండి. జనం తక్కువ, అద్దె కూడా తక్కువ.

కొండను అరగదీసే బసలో దిగవద్దు. వాలును నిలువుగా కోసి అంతస్తులు లేపినచోట, లోయలోకి చెత్త జార్చేచోట మన పెన్షను డబ్బు ఇవ్వకూడదు. మన ప్లాస్టిక్ సీసాలు మనమే తిరిగి తెచ్చుకుందాం. గది ఊడ్చిన అమ్మాయికి, వంట చేసిన ఆమెకు వెళ్ళేటప్పుడు చేతిలో నాలుగు రూపాయలు పెట్టి, ఒక మంచి మాట చెప్పి రండి.

మున్నారే కానక్కరలేదు. మీ మోకాళ్ళకు, మీ పర్సుకు తగిన కొండ ఏదైనా సరే. పిల్లలు తీసుకువెళ్తారని ఎదురుచూడకండి. వారికి సెలవు దొరకదు, దొరికినా వారు పదిహేను ఊళ్ళు చూపిస్తారు. ఇద్దరు ముగ్గురు దంపతులు కలిసి బయలుదేరితే తోడూ ఉంటుంది, ఖర్చూ కలిసి వస్తుంది. ఈ సంవత్సరం అటువంటి బృందం ఒకటి ఏర్పాటు చేయమని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. పేర్లు ఇచ్చేటప్పుడు ఇంట్లో వారి పేరు ముందు రాయించండి, మీ పేరు తరువాత.