పుట్టుచెవుడు - ఇంటి భాష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, పచ్చడి రుచి ఇంకా నాలుకమీద ఉండగానే చెవుడును గురించి ప్రసంగమేమిటని తమరు అనుకోవచ్చును. మేము వైద్యులము కాము. మెట్రిక్కు చదివి రైల్వే ఆఫీసులో కాగితాలు చూచుకొనేవారము. అయినా మన హుబ్బళ్ళి కాలనీలలో ఈ మాట అవసరమని తోచి సాహసించినాము.

పుట్టుచెవుడు గల బిడ్డ విననందువల్లనే పలకడు. లోపలి చెవిలోని సన్నని రోమకణములు పనిచేయక, నాడి మాత్రము బాగున్నప్పుడు కాక్లియర్ ఇంప్లాంటు అక్కరకు వస్తుంది. చెవి వెనుక ఉండే యంత్రము ధ్వనిని గ్రహించి చర్మము గుండా లోపలికి పంపుతుంది. నత్తగుల్ల ఆకారపు కాక్లియాలో అమర్చిన ఎలక్ట్రోడులు శ్రవణనాడిని విద్యుత్తుతో తట్టుతవి. ఇట్టి పలు ఎలక్ట్రోడుల యంత్రమును 1978లో మెల్బోర్నులో అమర్చిన గ్రేమ్ క్లార్క్ డాక్టరుగారి తండ్రికే చెవుడు ఉండేదట.

దీనితో విన్నది మనము విన్నట్లుండదు. పూర్వము స్టేషనులో తంతి యంత్రము టక్కుటక్కుమంటే కొత్తవానికి అది చప్పుడు, నేర్చినవానికి వార్త. ఇదీ అంతే. ఆపరేషను అయిన కొన్ని వారములకు యంత్రము పనిచేయించిననాడు బిడ్డ ఏడ్చినా ఏడ్వవచ్చును. మాట రావడానికి ఏండ్లు పడుతుంది.

అమెరికాలో ఆరు కేంద్రములలో 188 మంది పిల్లలను మూడేండ్లు గమనించి 2010లో ఒక పరిశోధన ప్రచురించినారు. 18 నెలలలోపు ఇంప్లాంటు అమర్చినవారికి మాట మెరుగుగా వచ్చినది. తల్లిదండ్రులు బిడ్డతో బాగా మాట్లాడి ఆడించిన ఇండ్లలోనూ అట్లే. ఏడేండ్లు దాటినాక పుట్టుచెవుడుకు ఫలితము స్వల్పము. మెదడులో వినికిడికి ఉండవలసిన చోటును ఇతర పనులు ఆక్రమిస్తవి. ఖాళీ బెర్తును ఎవరు వదులుతారు?

"వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే" అని మన పెద్దమ్మలు ఓదారుస్తారు. ఆ ఓదార్పుతో ఏడాది పోతుంది. మూడు నెలలలోపే బేరా పరీక్షతో సంగతి తేలుతుంది. మేనరికపు సంబంధములున్న ఇండ్లవారు మరీ ఆలస్యము చేయరాదు.

ఇక మన వలస తెలుగువారి చిక్కు. మా కాలనీలో ఒక పాయింట్స్‌మన్ కూతురికి రెండవ ఏట ఇంప్లాంటు అమర్చినారు. మాటలు నేర్పే చోట "ఇంట్లో తెలుగు మానండి, కన్నడమే మాట్లాడండి" అన్నారట. ఆ తల్లికి వచ్చిన కన్నడము కూరగాయల బేరానికి చాలును. చందమామను చూపడానికి, అలిగిన బిడ్డను బుజ్జగించడానికి చాలదు. తప్పు మాట్లాడుతానేమోనని ఆమె నోరే కట్టుకున్నది. పాపకు చెవి వచ్చేసరికి ఇల్లు మూగపోయినది! ఆరు నెలల తరువాత మరొక నిపుణురాలు, "అమ్మా, నీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడు" అన్నది. ఇప్పుడా పిల్ల నాయనమ్మతో తెలుగులో పోట్లాడి, వీధిలో కన్నడములో ఆడుకుంటున్నది. చిన్ననాడే ఇంప్లాంటు పొందిన పిల్లలు ఇంటి భాషతోబాటు రెండవ భాషయు నేర్వగలరని పరిశోధకులును చూపినారు.

అందరికీ ఇంత ఫలము రాదు. శ్రవణనాడి సరిగా లేనివారికి, వేరే లోపములున్నవారికి తక్కువ. వారు చేతిసైగల భాష నేర్చుకుంటే చిన్నతనమేమీ లేదు.

మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. మన పాసులు తిరుపతికే గాక అక్కడికీ పనికివస్తవి. ఆదాయము తక్కువైన కుటుంబముల పుట్టుచెవుడు పిల్లలకు, అయిదేండ్లలోపైతే, కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకము కలదు. 2014 నాటి సవరణలో యంత్రమునకు 6 లక్షల రూపాయల వరకు పరిమితి పెట్టినారు. కాని తరువాత బ్యాటరీలు, తీగెలు, మరమ్మతులు ఉంటవి. దానికి నెలనెలా కొంత తీసిపెట్టుకొనవలెను.

మన సంఘపు గ్రంథాలయములో బొమ్మల కథల పుస్తకములు బీరువాలో ఊరకే పడిఉన్నవి. ఆదివారము ఉదయము గది ఖాళీ. ఇట్టి పిల్లలున్న తల్లులు, నాయనమ్మలు వచ్చి చదివి వినిపించుకొనవచ్చునని కార్యవర్గము ఒప్పుకున్నది. తాళపుచెవి మా వద్దనే ఉన్నది.