చిత్రకారుని చేతిలో కలం
(ఒక కళాశాల గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుంచి తెలుగులోకి అనువదించడం నా వృత్తి. చిత్రకళను గురించిన హిందీ వ్యాసాలలో 'పహాడీ కలమ్', 'కాంగ్డా కలమ్' అనే మాటలు తరచుగా ఎదురవుతాయి. అక్కడ కలమ్ అంటే రాసే సాధనం కాదు, ఆ ప్రాంతపు చిత్రలేఖన సంప్రదాయం. 'కాంగ్డా శైలి' అని తెలుగు చేస్తే భావం చేరుతుంది కాని, చిత్రకారుని చేతిలోని పనిముట్టు వాక్యంలోంచి జారిపోతుంది. తోటమాలి అంటుకట్టే కొమ్మను కూడా హిందీవారు కలమ్ అనే అంటారు. గ్రీకు భాషలో 'కలమోస్' అంటే రెల్లు. ఆ మాటే అరబ్బీ, పారశీక భాషలలో నలిగి, హిందీకి, తెలుగుకూ వచ్చింది. ఒక్క రెల్లుపుల్ల ఎన్ని దేశాలు తిరిగిందో చూడండి!

రాజస్థాన్‌లోను, పహాడీ ప్రాంతాలలోను సూక్ష్మచిత్రాలు వేసేవారు తమ కుంచెను తామే కట్టుకొనేవారు. ఉడుత తోక వెంట్రుకలను ఏరి, కొసలన్నీ ఒక్క చోటికి వచ్చేట్లు కూర్చి, పావురం ఈక గొట్టంలో బిగిస్తారు. 'ఒక్క వెంట్రుక కుంచె' అని లోకంలో వినిపించే మాటను అక్షరాలా తీసుకోకూడదు. ఒంటి వెంట్రుకకు రంగు నిలవదు. వెంట్రుకలు అనేకం, కొస మాత్రం ఒక్కటి.

ఈ ముచ్చటకు మరొక ముఖం కూడా ఉంది. కుంచెలకు ముంగిస వెంట్రుకలు శ్రేష్ఠమన్న పేరు వల్ల ఎన్నో ముంగిసలు వేటగాళ్ల పాలయ్యాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఆ వేట, ఆ వ్యాపారం నేరాలు. కొట్లో కుంచె కొనేటప్పుడు అది దేనితో చేసినదో అడగండి. కృత్రిమ తంతువులతో మంచి కుంచెలు దొరుకుతున్న ఈ రోజుల్లో ఒక జీవి ప్రాణం తీసి గీత గీయవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

ఇక కలాన్ని తన పేరులోనే నిలుపుకొన్న కళ మన శ్రీకాళహస్తిలో ఉంది. 'కలంకారీ' పారశీకం నుంచి వచ్చిన పేరు. స్థానికులు దీనిని 'వ్రాతపని' అన్నారు. రామాయణ భారత కథలను గళ్లు గళ్లుగా చిత్రించి, వాటి వెంట తెలుగు అక్షరాలు కూడా రాసే పనికి అంతకంటె తగిన పేరు లేదు. ఇక్కడి కలం ఒక వెదురు పుల్ల. దాని మొనను సన్నగా చెక్కి, మొనకు కొంచెం ఎగువన ఉన్ని గాని, గుడ్డపీలిక గాని ఉండలా చుట్టి, దారంతో కడతారు. ఆ ఉండ రంగును పీల్చుకొంటుంది. వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలో ఏ గ్రంథమూ చెప్పదు, వేళ్లకే తెలియాలి. రేఖకు సన్నని మొన, రంగు నింపడానికి మొద్దు మొన. తొలి రూపురేఖలకు చింతపుల్లలు కాల్చిన బొగ్గు చాలు.

గుడ్డను ముందుగా కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును చెదరనీయదు. నల్లరంగును 'కసిమి' అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారాలు నానవేసి దీనిని తీస్తారు. సీసాలో ఉన్నప్పుడు అది నల్లగా కనిపించదు. గుడ్డలోని కరక్కాయ వగరుతో ఇనుము కలిసిన తరువాతనే గీత నల్లబడుతుంది. యూరప్‌లో శతాబ్దాల పాటు పత్రాలు రాసిన సిరా కూడా ఇనుము, వగరు కలిసినదే. రసాయనశాస్త్ర విద్యార్థులు ఈ పోలికను గమనించాలి.

సంప్రదాయమంటే పాత పుల్లను పట్టుకొని కూర్చోవడమని ఎవరూ అనుకోవద్దు. మిథిలలో గోడల మీద వెదురు పుల్లతో బొమ్మలు వేసిన స్త్రీలు, 1960లలో బీహారు కరవు తరువాత కాగితం మీద వేయడం ప్రారంభించి, ఉక్కు పాళీని నిస్సంకోచంగా అందుకొన్నారు. గంగాదేవి చిత్రాలలోని సన్నని గీతల అల్లికను, వారి మాటలో 'కచనీ'ని, చూస్తే పాళీ పరాయిదని తోచదు. 1950 జనవరి 24న సభ్యులు సంతకాలు చేసిన మన రాజ్యాంగ ప్రతిని కూడా పాళీతోనే రాశారు. ఇంగ్లీషు ప్రతి లేఖకులు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా, హిందీ ప్రతి లేఖకులు వసంత కృష్ణ వైద్య. పుటలను చిత్రాలతో అలంకరించినది నందలాల్ బోస్, ఆయన శిష్యులు.

నన్ను కలవరపెట్టే సంగతి వేరే ఉంది. నేడు బజారులో కలంకారీ పేరుతో అమ్ముతున్న గుడ్డలలో చాలావాటికి కలం తగలనే లేదు. మచిలీపట్నం, పెడన పనివారు చెక్క అచ్చులతో చేసే అద్దకం సంగతి కాదు, అది తనంతట తానొక గొప్ప విద్య. స్క్రీన్ మీద రసాయనపు రంగులతో వేలకొద్దీ ముద్రించిన గుడ్డ మీదకు ఆ పేరు పాకింది. పేరు నిలిచి పని పోతే, నెల రోజులు కూర్చుని ఒక తెర రాసిన మనిషి ధర ఎవరు ఇస్తారు? తేడా పట్టడం కష్టం కాదు. ఒకే పువ్వు రెండుచోట్ల ఉంటే రెండింటినీ పోల్చండి. చేతిగీత రెండుసార్లు ఒకేలా రాదు. గీత మొదలైన చోట కొంచెం లావు, ఆగే చోట సన్నం.

ఆ బల్ల మీద రెండు వెదురు కలాలు, కసిమి సీసా, కరక్కాయ పట్టించిన గుడ్డముక్కలు ఉంచాను. ప్రసంగం తరువాత ఒక్కొక్కరే వచ్చి గీసి చూడండి. గీత మొదట లేతగా కనిపిస్తుంది. తొందరపడి దాని మీదే మళ్లీ దిద్దకండి, కాసేపట్లో నల్లబడుతుంది.